పన్ను బిళ్ల నుంచి ప్రమాద పట్టిక దాకా: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దారుల్లో సైకిలు, చట్టం

వ్యాససంగ్రహం:
ఉమ్మడి వరంగల్ జిల్లాలో భాగంగా ఉండి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలను ఆధారంగా చేసుకొని, సైకిలుకూ రహదారి చట్టానికీ మధ్య ఉన్న సంబంధం కాలక్రమంలో ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకప్పుడు సైకిలు పన్ను కట్టే బండి. దీపం, గంట, సవారీల సంఖ్య విషయంలో దానికి నియమాలుండేవి. మోటారు వాహనాల చట్టమే రహదారి చట్టంగా స్థిరపడ్డాక సైకిలు చట్టభాష నుంచి దాదాపుగా జారిపోయింది. 2019 సవరణతో అది మళ్లీ చట్టంలోకి వచ్చింది. ఆ రాక సైకిలు తొక్కేవాడికి రక్షణ అవుతుందా, కొత్త భారం అవుతుందా అన్నది రాయబోయే నియమాల మీద ఆధారపడి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సైకిలు, బండ్ల పన్ను, రహదారి భద్రత, మోటారు వాహనాల చట్టం, జాతీయ రహదారులు, సింగరేణి, నష్టపరిహారం.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ రవాణా చరిత్రలో రైలుకు అధ్యాయముంది, బస్సుకు అధ్యాయముంది. నిజాం ప్రభుత్వ రైల్వే సికింద్రాబాదు నుంచి 1886లో వరంగల్ వరకు, 1889లో బెజవాడ వరకు సాగిన తీరు, 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టిన తీరు గ్రంథస్థమయ్యాయి. రైలు దిగినవాడు, బస్సు అందనివాడు ఊరికి ఎలా చేరాడన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆధారాలు పలచబడతాయి. రైలుకూ బస్సుకూ టిక్కెట్టు ఉంది, ఆదాయ వ్యయాల పద్దు ఉంది, వార్షిక నివేదిక ఉంది. సైకిలుకు అలాంటి సంస్థ ఏదీ లేదు. దాని యజమానే దాని డ్రైవరు, చాలాసార్లు మెకానిక్కు కూడా.

అయితే సైకిలు ఎప్పుడూ లెక్కకు అందనిదేమీ కాదు. పన్ను కట్టిన రోజుల్లో దానికి ఒక బిళ్ల ఉండేది, ఆ బిళ్లకొక సంఖ్య ఉండేది. ఇవాళ ప్రభుత్వ పత్రాల్లో సైకిలు తొక్కేవాడు కనబడే ముఖ్యమైన చోటు ప్రమాద మృతుల పట్టిక. ఈ రెండు పత్రాల మధ్య జరిగిన ప్రయాణమే ఇక్కడి చర్చనీయాంశం.

2. 'బండి' అన్న నిర్వచనం

సైకిలు చట్టప్రకారం ఏమిటన్న సందేహం మొదట ఇంగ్లండులో వచ్చింది. 1879లో టేలర్ వర్సెస్ గుడ్విన్ కేసులో అక్కడి న్యాయస్థానం, దురుసుగా బండి తోలడాన్ని శిక్షించే నిబంధన సైకిలుకూ వర్తిస్తుందని తేల్చింది. 1888 నాటి స్థానిక ప్రభుత్వ చట్టంలోని 85వ సెక్షను ఇంకొంచెం ముందుకు వెళ్లి, సైకిళ్లు బండ్లేనని ప్రకటించింది. చీకటి పడ్డాక దీపం ఉండాలనీ, ఎవరినైనా దాటేటప్పుడు గంటతోనో మరో విధంగానో హెచ్చరించాలనీ విధించింది. ఈ నిర్ణయానికి రెండు ముఖాలున్నాయి. బండి అయింది కాబట్టి రోడ్డు మీద సైకిలుకు హక్కు వచ్చింది. బండి అయింది కాబట్టే దానిమీద నియమాలూ వచ్చాయి. హక్కు, బాధ్యత ఒకే మాటలో ఇమిడి వచ్చాయి.

ఆ మాట వలస పాలన వెంట మన పురపాలక చట్టాల్లోకి దిగింది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో 'బండి' నిర్వచనం సైకిలును, మూడు చక్రాల సైకిలును, రిక్షాను, పల్లకీని ఒకే గాట కట్టింది. మనుషులు భుజాన మోసే పల్లకీ, మనిషి తన కాళ్లతో నడుపుకొనే సైకిలు పన్ను వసూలుదారు దృష్టిలో ఒకటే కావడం కొంత వినోదంగానే ఉంటుంది. సామాజికంగా అవి రెండూ ఎదురెదురు ధ్రువాలు. పల్లకీ ఎక్కేవాడికి బోయీలు కావాలి. సైకిలు ఎక్కేవాడికి ఎవరూ అక్కరలేదు.

హైదరాబాదు సంస్థానంలో చట్టాల దారి వేరు. రాజధానికి 1348 ఫస్లీ నాటి నగర పోలీసు చట్టం, అంటే 1938–39 నాటిది, ఉండేది. వీధుల్లో రాకపోకలను క్రమబద్ధం చేసే నియమాలు రాసే అధికారాన్ని అది పోలీసు కమిషనరుకు ఇచ్చింది. జిల్లాలకు 1329 ఫస్లీ నాటి జిల్లా పోలీసు చట్టం, అంటే 1919–20 నాటిది, వేరుగా ఉండేది. జనగామ, మానుకోట వంటి ఊళ్లు ఈ రెండో చట్టం నీడలో పెరిగాయి. నగర సైకిలుకూ జిల్లా సైకిలుకూ మధ్య తేడా అక్కడే మొదలైంది. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పురపాలక శాసనాలను ఒక్కటి చేసినప్పుడు బండ్ల మీద పన్ను విధించే అధికారం పట్టణాలన్నింటికీ ఉమ్మడిగా కొనసాగింది. మహబూబాబాద్, భూపాలపల్లి గత దశాబ్దంన్నరలోనే పురపాలక హోదా పొందాయి కాబట్టి, అంతకుముందు అక్కడ బండ్ల పన్ను పంచాయతీ వ్యవహారం.

పాత తరం జ్ఞాపకాల్లో ఈ నియమాలు పదేపదే కనిపిస్తాయి. హ్యాండిలు దగ్గరో ఇరుసు దగ్గరో బిగించిన లైసెన్సు బిళ్ల, రాత్రిపూట డైనమో లైటు లేకపోతే పడే జరిమానా, 'డబుల్స్' వెళ్తే చక్రంలో గాలి తీసే పోలీసు. శిక్ష స్వల్పమే. అయినా ఆ శిక్షలో ఒక గుర్తింపు ఉంది. చౌరస్తాలో పోలీసు ఆపిన సైకిలు రహదారి వ్యవస్థలో భాగమైన సైకిలు. ఈ అంశాన్ని కేవలం వేధింపుగా చూసే కథనాలు సగం నిజాన్నే చెబుతాయి.

3. పల్లెబాటలో సైకిలు

తెలంగాణ పల్లెల్లో సైకిలు మొదట పనిముట్టుగా కాక ఉద్యోగ చిహ్నంగా ప్రవేశించింది. దొరగారి గుమస్తా, పోస్టుమాను, బడిపంతులు, మిషనరీ దాన్ని తొలుత వాడినవారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ ఇందుకు మంచి ఉదాహరణ. 1912 డిసెంబరులో అభిషిక్తుడైన బిషప్ వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1945లో మరణించేదాకా ఆయన డోర్నకల్ కేంద్రంగా పనిచేశాడు. ఎద్దుబండి మీదా సైకిలు మీదా పల్లెలు తిరిగాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. ఒక మతాధికారి పర్యటనలో ఈ రెండు వాహనాలూ పక్కపక్కన నిలవడం ఆనాటి బాటల స్థితికి సాక్ష్యం. వర్షాకాలపు నల్లరేగడిలో సైకిలు పనికిరాదు. ఎండాకాలపు గట్టి బాటలో ఎద్దుబండి కంటే అది ఎన్నో రెట్లు వేగం.

అప్పటికి సైకిలు సీమ సరుకు. ర్యాలీ, బీఎస్‌ఏ, హంబర్, ఫిలిప్స్ పేర్లు ఊళ్లో యజమాని పేరుతో కలిపి పలికేవి. స్వాతంత్ర్యం వచ్చిన చుట్టుపక్కల సంవత్సరాల్లో దేశీయ తయారీ ఊపందుకుంది. మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్ సంస్థ ఏర్పడింది, ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ, సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో వచ్చాయి. దానితో సైకిలు గుమస్తా చేతినుంచి కూలీ చేతికి వచ్చింది. రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, బలమైన క్యారియరు ఉన్న నల్ల సైకిలు వరి బస్తాను, పాల క్యాన్లను, కల్లు కుండలను, నేత బట్టల మూటలను మోసింది. కొనలేనివారికి కిరాయి సైకిలు దుకాణముండేది. గంట లెక్కన అద్దెకు తెచ్చుకొని, సీటు అందక ఫ్రేము నడుమ నుంచి కాలు దూర్చి 'కైంచీ' తొక్కి నేర్చుకున్న తరం ఇప్పటికీ ఈ పట్టణాల్లో ఉంది.

రాజకీయ స్మృతిలోనూ దానికి చోటుంది. జనగామ తాలూకా కేంద్రంగా చెలరేగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినవారిలో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య, 1952లో రాజ్యసభ సభ్యుడయ్యాక పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవాడన్నది ప్రసిద్ధం. మూడు దశాబ్దాల తర్వాత తెలుగుదేశం పార్టీ అదే సైకిలును ఎన్నికల గుర్తుగా గోడగోడకూ ఎక్కించింది. గుర్తుగా సైకిలు ఎదిగిన కాలంలోనే వాహనంగా చట్టంలో దాని స్థానం కుంచించుకుపోయింది. ఈ వైరుధ్యం మీద రాజకీయ చరిత్రకారుల దృష్టి పెద్దగా పడలేదు.

4. మోటారు చట్టం: పేరులేని పౌరుడు

1939 నాటి మోటారు వాహనాల చట్టం హైదరాబాదు రాష్ట్రానికి 1951లో విస్తరించింది. దాని స్థానంలో వచ్చిన 1988 చట్టమే నేటికీ అమలులో ఉంది. రెండింటి పేరులోనే పరిధి ఉంది. 1988 చట్టం లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా, వేగం వంటి విషయాలన్నీ మోటారు వాహనాన్ని ఉద్దేశించి చెబుతుంది. 119వ సెక్షను ప్రకారం ట్రాఫిక్ చిహ్నాలను పాటించవలసినవాడు 'మోటారు వాహనం నడిపే డ్రైవరు'. 128వ సెక్షను వెనుక సీటులో ఒక్కరినే అనుమతించేది మోటారు సైకిలు మీద. 129వ సెక్షను హెల్మెటు విధించేదీ మోటారు సైకిలు వారికే.

ఇక్కడ ఒక వింత పరిస్థితి ఏర్పడింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చిహ్నాల పట్టికలో సైకిలు బొమ్మ కనిపిస్తుంది. 'సైకిళ్లు నిషిద్ధం', 'తప్పనిసరి సైకిలు బాట', 'సైకిళ్లు దాటే చోటు' అన్నవి ఆ చిహ్నాలు. కానీ చిహ్నాన్ని పాటించాలని చెప్పే సెక్షను సైకిలు తొక్కేవాడిని ఉద్దేశించి మాట్లాడదు. బొమ్మ అతనిది, ఆజ్ఞ మరొకరికి. నిషేధాన్ని సైకిలుకు వర్తింపజేయాలంటే పోలీసు చట్టాల ఆసరా కావాలి. అక్కడ మూడు పట్టణాలూ మళ్లీ విడిపోతాయి. జనగామ జిల్లా 2015లో ఏర్పడిన వరంగల్ పోలీసు కమిషనరేట్ పరిధిలోకి వస్తుంది. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఎస్పీల పాలనలో ఉన్నాయి.

సైకిలు పూర్తిగా చట్టం బయట ఉందనడం సరికాదు. బహిరంగ దారిలో 'ఏ వాహనాన్నైనా' ప్రమాదకరంగా నడపడాన్ని శిక్షించే భారత శిక్షాస్మృతి 279వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను సైకిలు తొక్కేవాడికీ వర్తిస్తాయి. అంతర్జాతీయ ఒప్పందాల్లో అతనికి నియమాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. 1949 నాటి జెనీవా రహదారి ఒప్పందం ప్రతి సైకిలుకూ కనీసం ఒక పనిచేసే బ్రేకు, గంట, చీకట్లో ముందు దీపం, వెనుక ఎర్ర దీపమో ప్రతిఫలకమో ఉండాలంటుంది. 1968 నాటి వియన్నా ఒప్పందం మరికొన్ని చేర్చింది. హ్యాండిలు మీద కనీసం ఒక చెయ్యి ఉండాలి, మరో వాహనాన్ని పట్టుకొని లాగించుకోరాదు. భారతదేశం మొదటిదానిలో 1962లో చేరింది. అయితే ఒప్పందంలోని మాట జనగామ చౌరస్తాలో అమలు కావాలంటే దేశీయ శాసనంగా మారాలి. ఆ మార్పు మోటారు వాహనాల విషయంలో జరిగినంతగా సైకిలు విషయంలో జరగలేదు.

సైకిలు పట్ల మోటారు డ్రైవరుకున్న బాధ్యత మాత్రం రాతలో ఉంది. 1989 నాటి రహదారి నియమాల స్థానంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు పాదచారులు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగుల భద్రత కోసం డ్రైవరు ప్రత్యేక జాగ్రత్త వహించాలని చెబుతాయి. 'ప్రత్యేక జాగ్రత్త' అంటే ఎన్ని అడుగుల దూరమో, ఎంత వేగమో అన్న ప్రశ్న లారీ డ్రైవరు వివేచనకు మిగిలింది.

5. మూడు పట్టణాలు, మూడు ప్రమాదాలు

2011 జనాభా లెక్కల ప్రకారం జనగామ పట్టణ జనాభా సుమారు 52 వేలు, మహబూబాబాద్, భూపాలపల్లి జనాభా 42, 43 వేల చొప్పున. ఈ పరిమాణంలో ఉన్న ఊరు సైకిలుకు సహజంగా అనువైనది. ఒక కొస నుంచి మరో కొసకు పావుగంట, ఇరవై నిమిషాలు తొక్కితే చేరవచ్చు. మహానగరంలో సైకిలుకు దూరం శత్రువు. ఈ ఊళ్లలో దూరం సమస్య కాదు. ఊరి మధ్య నుంచి సాగే దారి ఎవరిది అన్నదే సమస్య.

జనగామది హైదరాబాదు–వరంగల్ రహదారి. పూర్వం 202వ నంబరుగా, ఇప్పుడు 163వ నంబరుగా పిలిచే ఈ జాతీయ రహదారి యాదాద్రి–వరంగల్ మధ్య 99 కిలోమీటర్ల మేర నాలుగు వరుసలైంది. బైపాసు వచ్చి పట్టణం లోపల దూరప్రాంత వాహనాల ఒత్తిడి తగ్గింది. ప్రమాదం పట్టణం అంచులకూ పల్లెలకూ జరిగింది. నాలుగు వరుసల రోడ్డు మీద సరుకు వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు, కార్లకు 100 కిలోమీటర్లు గరిష్ఠ వేగమని 2018 ఏప్రిల్ నాటి కేంద్ర ప్రకటన నిర్ణయించింది. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. 15 కిలోమీటర్ల వేగంతో సాగే సైకిలు నాలుగు మీటర్లు దాటుతుంది.

దీనికి తోడు మధ్య విభాజకం ఒక కొత్త నేరాన్ని సృష్టించింది. పొలం రోడ్డుకు ఆవల ఉంది, ఇల్లు ఈవల ఉంది. విభాజకంలో తెరిచిన చోటు దూరంగా ఉంది. మోటారు బండికి ఆ దూరం రెండు నిమిషాలు. తలమీద ఎండ, క్యారియరు మీద గడ్డిమోపు ఉన్నవాడికి అది పావుగంట. అతను ఎదురుదారిలో, రోడ్డు అంచున, దగ్గరి సందు దాకా వెళ్తాడు. ప్రమాదం జరిగితే నివేదికలో 'వ్యతిరేక దిశలో ప్రయాణం' అని పడుతుంది. ఆ దిశను వ్యతిరేకం చేసిన రోడ్డు నమూనా ప్రస్తావన అందులో ఉండదు. సర్వీసు రోడ్డు లేనిచోట ఈ ఉల్లంఘన వ్యక్తి నిర్లక్ష్యం కంటే ఎక్కువగా రోడ్డు ఇచ్చిన లెక్క.

మహబూబాబాద్‌ది రైలు కథ. కాజీపేట–విజయవాడ ప్రధాన మార్గం పట్టణాన్ని రెండుగా చీలుస్తుంది. పాత మానుకోటకూ స్టేషనుకు ఆవలి పేటలకూ మధ్య రాకపోక అంటే పట్టాలు దాటడమే. ఇక్కడ సైకిలుకు ఒక లాభమూ ఒక అపాయమూ ఉన్నాయి. గేటు పడితే కార్లు వరుసలో ఆగుతాయి. సైకిలు వంగి దూరగలదు. దూరగలగడమే అపాయం. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షను కాపలాలేని రైలు గేటు దగ్గర డ్రైవరు బండి ఆపి చూడాలని విధిస్తుంది. అదీ మోటారు డ్రైవరుకే. ఇటు కేసముద్రం మార్కెట్టు, అటు తండాల నుంచి వచ్చే మిర్చి, పత్తి రైతుల రాకపోకలు, 365వ జాతీయ రహదారి అన్నీ ఈ రైలు పట్టణం చుట్టూనే కలుస్తాయి. స్టేషను దగ్గరి సైకిల్ స్టాండు ఒకప్పుడు ఊరి దినచర్యకు గడియారం. పొద్దున్న ప్యాసింజరుకు వరంగల్ వైపు వెళ్లి సాయంత్రం తిరిగివచ్చేవాడి సైకిలు పగలంతా అక్కడ నీడపట్టున ఉండేది. ఆ స్టాండులో ఇప్పుడు మోటారు సైకిళ్లదే పైచేయి.

భూపాలపల్లి వీటన్నింటికంటే ప్రత్యేకం. దానికి రైలు లేదు. ఊరు పెరిగిందే సింగరేణి కాకతీయ గనుల వల్ల. సమీపంలోని చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం 2010లో 500 మెగావాట్లతో, 2016లో మరో 600 మెగావాట్లతో నడక మొదలుపెట్టింది. రైలు లేనిచోట బొగ్గు కదలాలంటే టిప్పరు కావాలి. తాడిచర్ల గని బొగ్గు కూడా రోడ్డు మీదనే చెల్పూరు చేరుతుంది. గోదావరి ఇసుకను కాళేశ్వరం, మహాదేవపూర్ వైపు నుంచి మోసే లారీలు 353సి జాతీయ రహదారి మీదుగా ఇదే పట్టణాన్ని దాటుతాయి.

అంటే ఈ ఊళ్లో సైకిలు తొక్కేవాడు ప్రయాణికుల వాహనాలతో కంటే సరుకు వాహనాలతో ఎక్కువగా దారి పంచుకుంటాడు. గని పని షిఫ్టుల్లో నడుస్తుంది కాబట్టి తెల్లవారుజామున, అర్ధరాత్రి దగ్గర కూడా రోడ్డు మీద కార్మికులుంటారు. బొగ్గు ధూళి రోడ్డు గీతలను కప్పుతుంది, ప్రతిఫలకాలను మసకబారుస్తుంది. భారీ లారీ డ్రైవరుకు ఎడమ పక్కన, క్యాబినుకు ఆనుకొని ఉన్న కొంత చోటు కనబడదు. చట్టప్రకారం ఎడమ అంచున పోవలసిన సైకిలు సరిగ్గా ఆ కనబడని చోటే ఉంటుంది. లారీ ఎడమకు తిరిగినప్పుడు జరిగే ప్రమాదంలో ఇద్దరూ నియమం పాటించి ఉండవచ్చు, అయినా ఒకరు చనిపోవచ్చు. సింగరేణి గనుల్లో భూమి కింద జరిగే ప్రమాదాలపై విచారణ జరపడానికి గని భద్రతా డైరెక్టరేటు ఉంది. గని గేటు దాటి రోడ్డెక్కిన అదే కార్మికుడు జిల్లా పోలీసు రికార్డులో మామూలు రోడ్డు ప్రమాదంగా మారతాడు.

6. ఎవరు లెక్కించారు?

సైకిలు బాట ఎప్పుడు వేయాలో చెప్పే ప్రమాణం దేశంలో కొత్తది కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే దాన్ని ప్రచురించింది. గంటకు 100 నుంచి 200 మోటారు వాహనాలు తిరిగే దారిలో రద్దీ వేళ గంటకు 400 సైకిళ్లుంటే వేరు బాట వేయాలి. మోటారు వాహనాలు 200 దాటితే, 100 సైకిళ్లున్నా చాలు. ఇవాళ ఈ మూడు పట్టణాల ప్రధాన రహదారుల మీద గంటకు 200 మోటారు వాహనాలు దాటడం పెద్ద విషయం కాదు. అంటే వంద సైకిళ్లు లెక్కకు వస్తే ప్రమాణం నిండుతుంది.

కానీ ఆ లెక్క ఎవరు తీస్తారు? పన్ను ఉన్నప్పుడు పురపాలక సంఘం దగ్గర సైకిళ్ల సంఖ్య ఉండేది. పన్ను వసూలు ఆగడంతో ఆ దస్త్రమూ ఆగింది. రవాణా శాఖ రిజిస్ట్రేషన్లలో సైకిలు ఉండదు. టోల్ గేటు దగ్గర రుసుము చెల్లించే వాహనాల సంఖ్య నమోదవుతుంది. రుసుములేని సైకిలు ఏ ఆనవాలూ మిగల్చకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. జనగణన కొంత చెప్పింది. దేశంలో సైకిలున్న కుటుంబాలు 2001లో 43.7 శాతం, 2011లో 44.8 శాతం. వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం సైకిలు మీద వెళ్తున్నారని 2011 గణన తేల్చింది. ఆ తర్వాత గణన వాయిదా పడి, మోటారు సైకిలు ఇంటింటికీ చేరిన దశాబ్దం లెక్కకు అందకుండా పోయింది.

మిగిలింది మృతుల లెక్క. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో పాదచారులు 32,825 మంది, సైకిలు మీద ఉన్నవారు 4,836 మంది. దాదాపు మూడు శాతమే కదా అన్న వాదన వినిపిస్తుంది. ఎందరు తొక్కుతున్నారో తెలియకుండా ఎందరు చనిపోయారన్న సంఖ్య ప్రమాద తీవ్రతను చెప్పదు. మరణాలు తగ్గితే రోడ్డు భద్రమైందని అర్థం కావచ్చు, భయపడి జనం సైకిలు మానేశారని అర్థం కావచ్చు. హారం లేని భిన్నానికి విలువ కట్టలేం.

నగరాల్లో పరిస్థితి కొంత భిన్నం. 2020లో కేంద్రం ప్రారంభించిన 'ఇండియా సైకిల్స్ ఫర్ ఛేంజ్' పోటీలో తుదకు నిలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి. 2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. రెండూ స్వాగతించదగినవే. అయితే అవి సైకిలును ఆరోగ్య వ్యాయామంగా, పర్యావరణ సంకేతంగా చూసే దృష్టి నుంచి పుట్టాయి. చెల్పూరు దారిలో షిఫ్టుకు పోయేవాడు వ్యాయామానికి పోవడం లేదు.

7. దీపం లేని సైకిలు, నష్టపరిహారం

రోడ్డు మీద సైకిలు హోదా ఏమిటన్నది చివరికి తేలేది మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో. ఇక్కడ చరిత్ర కొంత మెరుగుదలనే చూపిస్తుంది. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఆచూకీ దొరకనప్పుడు మృతుడి కుటుంబానికి 1982 సవరణ 5,000 రూపాయలు, 1988 చట్టం 8,500 రూపాయలు, 1994 సవరణ 25,000 రూపాయలు ఇచ్చాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అది రెండు లక్షలు. వాహనం తెలిసినప్పుడు, తప్పెవరిదన్న విచారణ లేకుండా మరణానికి ఐదు లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు కోరే వీలు కొత్త 164వ సెక్షను కల్పించింది.

అంతకుమించి అసలు నష్టానికి తగిన పరిహారం కావాలంటే 166వ సెక్షను కింద డ్రైవరు నిర్లక్ష్యాన్ని నిరూపించాలి. అక్కడ ఎదుటిపక్షం చేసే మామూలు వాదన బాధితుడికీ నిర్లక్ష్యంలో వంతు ఉందన్నది. సైకిలుకు లైటు లేదు, వెనుక ప్రతిఫలకం లేదు, ఎదురుదారిలో వచ్చాడు, వెనుక ఇంకొకరిని ఎక్కించుకున్నాడు. పాత పురపాలక నియమాల జాబితా ఇది అక్షరాలా. నాడు కొద్దిపాటి జరిమానాతో పోయిన తప్పు నేడు ట్రిబ్యునలులో కుటుంబానికి దక్కే మొత్తంలో నాలుగో వంతో సగమో కోతగా మారగలదు.

ఇందుకు భిన్నమైన న్యాయసూత్రం లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో 1970లలో రోడ్ల మీద పిల్లల మరణాలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం రోడ్ల నమూనానే మార్చింది. అక్కడి 1994 రహదారి చట్టం 185వ అధికరణం మోటారు వాహనానికీ సైకిలుకూ ప్రమాదం జరిగినప్పుడు బాధ్యతను ప్రాథమికంగా మోటారు యజమాని మీదే ఉంచుతుంది. బాధితుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లవాడైతే ఆ బాధ్యత దాదాపు సంపూర్ణం. బరువూ వేగమూ ఉన్నవాడే ప్రమాదాన్ని రోడ్డు మీదికి తెస్తున్నాడన్నది దాని తర్కం. భూపాలపల్లి బొగ్గు దారికి ఈ తర్కం ఆమ్‌స్టర్‌డామ్‌కు నప్పినదానికంటే ఎక్కువగా నప్పుతుంది.

8. సెక్షన్ 138 (1ఎ): రాయబోయే నియమాలు

2019 మోటారు వాహనాల సవరణ చట్టం 138వ సెక్షనులో (1ఎ) అనే ఉపసెక్షనును చేర్చింది. యంత్రశక్తితో నడవని వాహనాలు, పాదచారులు రోడ్లు, రహదారుల వంటి బహిరంగ ప్రదేశాల్లోకి వచ్చే తీరునూ వారి కార్యకలాపాలనూ రోడ్డు భద్రత దృష్ట్యా నియంత్రించే నియమాలను రాష్ట్ర ప్రభుత్వాలు చేయవచ్చునని దాని సారం. ఎనభై ఏళ్ల మోటారు శాసన చరిత్రలో సైకిలుకు ఇంత స్పష్టమైన తలుపు తెరుచుకోవడం విశేషమే. 2025 అక్టోబరు 7న ఎస్. రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాలను ఆరు నెలల్లో రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఉపసెక్షను వాడిన క్రియ 'నియంత్రించడం' అని గమనించాలి. రక్షించడానికి నియంత్రించవచ్చు, తొలగించడానికీ నియంత్రించవచ్చు. 2013లో కోల్‌కతా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించినప్పుడు చెప్పిన కారణమూ రాకపోకల సౌకర్యమే. పాలవాళ్లు, పత్రికలు వేసేవాళ్లు, చిన్న వ్యాపారులు ఆ నిషేధం భారం మోశారు. ఆ తర్వాత జాబితాను కుదించవలసి వచ్చింది. తెలంగాణ నియమాలు రాత్రి దీపాన్ని తప్పనిసరి చేసి జరిమానాతో సరిపెడితే, అది నూరేళ్ల వెనుకటి మునిసిపాలిటీ నియమానికి పునర్ముద్రణ అవుతుంది. పైగా ట్రిబ్యునలులో బాధితుడి మీద ప్రయోగించడానికి చట్టబద్ధమైన ఆయుధమూ అవుతుంది. సైకిళ్లకు ప్రతిఫలకాల నాణ్యత మీద కేంద్రం 2020లో తెచ్చిన ఉత్తర్వు ఆ బాధ్యతను తయారీదారు మీద పెట్టింది. కొన్నప్పుడే బండికి ప్రతిఫలకం ఉండాలన్న ఆ పద్ధతి, కొన్నాక పేదవాడిని పట్టుకొని జరిమానా వేసే పద్ధతి కంటే మెరుగు.

దాటేటప్పుడు మోటారు వాహనం సైకిలుకు ఎంత ఎడం ఇవ్వాలి, విభాజకమున్న రోడ్డు మీద ఎంత దూరానికొక దాటు ఉండాలి, బొగ్గు లారీలు షిఫ్టు మారే వేళల్లో పట్టణంలోకి రావచ్చునా, రైలు గేటు దగ్గర సైకిలుకు వేరు సందు ఉండాలా అన్నవి ఈ మూడు ఊళ్ల నుంచి వెళ్లవలసిన ప్రశ్నలు. అవి వెళ్లే మార్గం మాత్రం సూటిగా లేదు. జాతీయ రహదారుల విషయంలో ఆ నియమాలను జాతీయ రహదారుల ప్రాధికార సంస్థను సంప్రదించి రూపొందించాలని ఉపసెక్షనులోని మినహాయింపు చెబుతుంది. జనగామ అంచున సాగే 163, మహబూబాబాద్ మీదుగా పోయే 365, భూపాలపల్లిని చీల్చుకుపోయే 353సి మూడూ ఆ మినహాయింపు కిందికే వస్తాయి. ఒకప్పుడు సైకిలుకు బిళ్ల ఇచ్చిన పురపాలక సంఘాన్ని సంప్రదించాలన్న మాట అందులో లేదు.